బరువైన దేహం, వైద్యుని కత్తి, మన మనస్సాక్షి

ఒక ఆదివారం రెండవ పూజ ముగిసి గుడి ఖాళీ అయిన తరువాత ఒక సహోదరి పూజావస్త్రాల గది గుమ్మం దగ్గర వచ్చి నిలబడింది. మా విచారణలో బట్టలు కుట్టి ఇల్లు నడుపుకొనే మనిషి. వయస్సు 44 సంవత్సరాలు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 138 కిలోలు. ఈ అంకెలు నేను అడగలేదు, ఆమే చెప్పింది. ఆసుపత్రులు తిరిగిన వాళ్ళకు తమ అంకెలు కంఠతా వస్తాయి. ఈ సంగతి ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాను.

"ఫాదర్ గారూ, కడుపు కోయించుకుని బరువు తగ్గడం పాపమాండీ?" అని అడిగింది. నేను జవాబు చెప్పబోతుండగానే రెండవ ప్రశ్న వేసింది. "డాక్టరు గారేమో ముందు పది కిలోలు తగ్గి రమ్మన్నారు. అలా తగ్గగలిగినదాన్నయితే కత్తి దగ్గరికి ఎందుకు పోతానండీ?" మూడవది ప్రశ్న కాదు. తల వంచుకుని నెమ్మదిగా అన్నది: "మొన్న తపస్కాలంలో మీరు కూడా నవ్వించారు గదండీ."

నాకు గుర్తున్నది. భోజన ప్రియత్వమనే మూల పాపాన్ని గురించి ప్రసంగం చెబుతూ, కొందరు ఉపవాసముంటున్నా మన గుడి కుర్చీలు విరుగుతూనే ఉన్నాయని ఒక హాస్యం విసిరాను. జనం నవ్వారు. నవ్వుతూ కొన్ని తలలు ఒక వైపుకు తిరిగాయి. ఆ వైపున కూర్చున్నది ఈమె. ఆనాటి నుండి చివరి బల్ల మీదకు మారిపోయింది. నేను గమనించలేదు.

ఆమె వేసిన మొదటి ప్రశ్నకు జవాబు మన నీతిశాస్త్ర గ్రంథాలలో ఉన్నది. రెండవ దానికి సగం జవాబు వైద్యుల దగ్గర, సగం మన న్యాయబుద్ధి దగ్గర ఉన్నది. మూడవ దానికి నేనే జవాబు చెప్పుకోవాలి. మూడింటినీ ఈ వారం మీ ముందు పెడుతున్నాను.

ఇంతకూ ఆ శస్త్రచికిత్స ఏమిటి?

బరువు తగ్గించడానికి ప్రేగులను దారి మళ్ళించే ప్రయత్నాలు అమెరికాలో 1954లోనే మొదలయ్యాయి. 1966లో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే శస్త్రవైద్యుడు జీర్ణకోశంలో చిన్న సంచి వంటి భాగాన్ని వేరు చేసి, దానికి చిన్నప్రేగును కలిపే పద్ధతిని ప్రారంభించాడు. దానినే బైపాస్ అంటున్నారు. ఈ రోజుల్లో ఎక్కువగా చేసేది స్లీవ్ అనే పద్ధతి. జీర్ణకోశంలో సుమారు ముప్పాతిక భాగాన్ని నిలువుగా కోసి తీసివేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో సన్నని గొట్టం. పొట్టను పెద్దగా కోయకుండా నాలుగైదు చిన్న రంధ్రాల ద్వారానే పని ముగిస్తారు.

సంచి చిన్నదైతే తిండి తగ్గుతుంది, అంతే గదా అనుకుంటాం. విషయం అంతకంటె లోతైనది. జీర్ణకోశం పైభాగంలో ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారవుతుంది. స్లీవ్ పద్ధతిలో ఆ భాగమే పోతుంది. అందువల్ల ఆకలి స్వభావమే కొంత మారుతుంది. మధుమేహం చాలామందిలో బరువు తగ్గకముందే అదుపులోకి రావడం వైద్యులు చూస్తున్నారు. నోరు కట్టుకోలేనివాడికి వేసే శిక్షగా దీనిని చూసేవారు ఈ సంగతి గమనించాలి.

దేహం పెద్దదయితే ప్రమాదం ఎందుకు పెరుగుతుంది?

బరువును కిలోలలో తీసుకుని, ఎత్తును మీటర్లలో రెండుసార్లు పెట్టి భాగిస్తే వచ్చే అంకెను బి.ఎం.ఐ. అంటారు. బెల్జియం దేశపు గణిత పండితుడు కెత్లే 19వ శతాబ్దంలో ఈ లెక్క కట్టాడు. దానికి ఈ పేరు పెట్టినది 1972లో ఆన్సెల్ కీస్. మా సహోదరి లెక్క 57. యాభై దాటిన వారిని వైద్యులు ప్రత్యేక తరగతిగా చూస్తారు. ఆ చూపులో కొంత న్యాయమున్నది. ఎందుకో వినండి.

మొదట మత్తుమందు. వెల్లకిలా పడుకోగానే పొట్ట బరువు ఊపిరితిత్తుల మీదకు నెట్టుకు వస్తుంది. ఊపిరిలో నిలువ ఉండే ప్రాణవాయువు తక్కువ. మత్తు ఇచ్చి గొంతులో గొట్టం వేసే ఆ కొద్ది క్షణాలలో, సన్నని మనిషికి ఉండే వ్యవధి వీరికి ఉండదు. అందుకే తల, భుజాల క్రింద ఎత్తు పెట్టి ఏటవాలుగా పడుకోబెడతారు. వీరిలో చాలామందికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఉంటుంది. శస్త్రచికిత్స అయిన రాత్రి నొప్పికి ఇచ్చే మందులు ఆ జబ్బును ఇంకా పెంచవచ్చు. కనుక ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు.

తరువాత కాలేయం. బరువు ఎక్కువైన వారిలో అది క్రొవ్వు పట్టి ఉబ్బుతుంది. దాని ఎడమ భాగం సరిగ్గా జీర్ణకోశం మీద కప్పుకుని ఉంటుంది. దానిని పైకి ఎత్తితే గాని వైద్యునికి చోటు దొరకదు. ఉబ్బిన కాలేయం ఎత్తబోతే చిట్లి రక్తం కారుతుంది. పొట్ట గోడ మందంగా ఉంటే పరికరాలు తిప్పడమే కష్టం. ప్రేగులను పట్టి ఉంచే పొర క్రొవ్వుతో మందమై, పొట్టిదై, బైపాస్‌కు కావలసిన ప్రేగు పైకి అందదు. శస్త్రచికిత్స గంటల తరబడి సాగితే క్రింద నలిగిన పిరుదుల కండరాలు దెబ్బతిని, వాటి నుండి వెలువడిన పదార్థం మూత్రపిండాలకు హాని చేయవచ్చు. కాళ్ళలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉండనే ఉన్నది.

అన్నిటికంటె నన్ను ఆలోచింపజేసినది మరొకటి. కుట్లు వేసిన చోట కారితే సన్నని మనిషి పొట్ట గట్టిపడి, చేయి వేయగానే తెలుస్తుంది. లావైన మనిషిలో ఆ గురుతు దాగిపోతుంది. నాడి వేగంగా కొట్టుకోవడం ఒక్కటే చాలాసార్లు హెచ్చరిక. స్కానింగు చేద్దామంటే ఆ యంత్రపు బల్ల మోయగల బరువుకు ఒక హద్దు ఉంటుంది. అంటే దేహం పెద్దదైన వ్యక్తి ఎక్కువ ప్రమాదంలో ఉండడమే గాక, ప్రమాదం వచ్చినప్పుడు కనిపించకుండా కూడా ఉంటాడు. అందరికీ కనిపించే దేహం, కాని అందులోని బాధ మాత్రం కనిపించదు. ఇది ఆసుపత్రికి మాత్రమే చెందిన మాట కాదనుకుంటాను.

అంకెలు ఏం చెబుతున్నాయి?

భయం పెంచడానికి ఇవన్నీ వ్రాయలేదు. అమెరికాలో పది ఆసుపత్రులు కలిసి సుమారు 4,800 మందిని పరిశీలించి 2009లో ప్రకటించిన ఫలితాలలో, శస్త్రచికిత్స జరిగిన 30 రోజులలోపు మరణించిన వారు వెయ్యికి ముగ్గురు. తీవ్రమైన చిక్కులు వచ్చినవారు వందకు నలుగురికి పైచిలుకు. బి.ఎం.ఐ. మరీ ఎక్కువైనప్పుడు చిక్కులు పెరిగాయి, నిజమే. అయితే పూర్వం రక్తం గడ్డకట్టిన వారికీ, నిద్రలో ఊపిరి ఆగేవారికీ, 200 అడుగులు నడవలేని వారికీ కూడా పెరిగాయి. రెండు వందల అడుగులంటే మా గుడి వాకిలి నుండి వీధి గేటు దాకా ఉన్న దూరం.

2007లో వచ్చిన మరొక పరిశీలనలో అయిదు విషయాలకు ఒక్కొక్క మార్కు వేశారు: బి.ఎం.ఐ. 50 లేక ఆ పైన ఉండడం, పురుషుడు కావడం, రక్తపోటు, ఊపిరితిత్తులలో గడ్డ చేరే అవకాశం, 45 సంవత్సరాలు నిండడం. సున్నా లేక ఒకటి వచ్చిన వారిలో మరణాలు వెయ్యికి రెండు. నాలుగు లేక అయిదు వచ్చిన వారిలో వెయ్యికి ఇరవై నాలుగు. పన్నెండు రెట్ల తేడా. అయినా గమనించండి. దేహ పరిమాణం ఆ అయిదింటిలో ఒకటి మాత్రమే. లావుగా ఉన్న మనిషిని చూడగానే "ఈయనకు ఆపరేషనా? బ్రతుకుతాడా?" అనే మన నోటి తీర్పు, వైద్యశాస్త్రపు తీర్పు కంటె కఠినంగా ఉంటున్నది.

ఆ ప్రమాదానికి ఎదురుపడిన వైద్యులు ఏం చేశారో తెలుసుకుంటే మనసుకు ఊరటగా ఉంటుంది. దాదాపు 2000 సంవత్సరం ప్రాంతంలో న్యూయార్కులో మిషెల్ గాన్యే అనే శస్త్రవైద్యుడూ, ఆయన సహచరులూ అతి భారీ దేహం గలవారికి పెద్ద శస్త్రచికిత్స ఒకేసారి చేయడం ప్రమాదమని గ్రహించి దానిని రెండుగా విడగొట్టారు. మొదట జీర్ణకోశాన్ని గొట్టంగా చేసి పంపడం, బరువు కొంత తగ్గిన తరువాత ప్రేగు పని చేయడం. కొందరికి మొదటి మెట్టుతోనే సరిపోయింది. నేడు ఎక్కువమందికి చేస్తున్న స్లీవ్ పద్ధతి ఇలా ప్రాచుర్యంలోకి వచ్చినదే. అందరికంటె బరువైన రోగుల కొరకు వెదకిన దారి అందరికీ రాజమార్గమైంది. "మీరు మా పద్ధతికి సరిపోరు" అని వారిని త్రిప్పి పంపివేసి ఉంటే ఈ మేలు ఇంత త్వరగా లోకానికి దక్కేది కాదు.

నీతిశాస్త్రం ఏం చెబుతున్నది?

ఇక మొదటి ప్రశ్న. దేవుడిచ్చిన అవయవాన్ని, పైగా జబ్బు లేని అవయవాన్ని, కోసి తీసివేయవచ్చునా? అంగము సంపూర్ణ దేహము కొరకు ఉన్నదనీ, సంపూర్ణ దేహపు మేలు కొరకు అంగాన్ని తొలగించవచ్చుననీ పునీత తోమాసు అక్వీనాసు గారు 13వ శతాబ్దంలోనే బోధించారు. మరి అవయవం ఆరోగ్యంగానే ఉంటే? 1953 అక్టోబరు 8న మూత్రకోశ వైద్యులతో మాట్లాడుతూ పన్నెండవ పయస్ పాపుగారు ఈ ప్రశ్నకే సమాధానం చెప్పారు. ఆయన పెట్టిన షరతులు మూడు. ఆ అవయవం ఉండడం వల్లనో, పని చేయడం వల్లనో మొత్తం దేహానికి తీవ్రమైన హాని కలుగుతూ ఉండాలి. ఆ హానిని తప్పించడానికి వేరే దారి లేకుండా, ఈ దారి ఫలిస్తుందనే నమ్మకం ఉండాలి. కలిగే నష్టం కంటె కలిగే మేలు మిన్నగా ఉండాలి. అవయవం స్వయంగా రోగగ్రస్తమై ఉండనక్కరలేదని కూడా ఆయన స్పష్టం చేశారు.

కనుక "పాపమా?" అన్న ప్రశ్నకు, ఈ షరతులు నెరవేరితే కాదు అని నిస్సంకోచంగా జవాబు చెప్పవచ్చు. దేహ పరిమాణం తక్కెడలోని రెండు సిబ్బెలలోనూ కూర్చుంటుందని మాత్రం మరువరాదు. బరువు ఎక్కువయిన కొద్దీ కత్తి వల్ల ప్రమాదమూ ఎక్కువే, కత్తి లేకపోతే ప్రమాదమూ ఎక్కువే. ఒక సిబ్బెనే చూసి భయపడడం వివేకం కాదు. ఒక సిబ్బెనే చూసి ఆశ పెట్టుకోవడమూ వివేకం కాదు.

మరి చేయించుకోక తప్పదా? ప్రాణం నిలుపుకోవడానికి సాధారణ సాధనాలు వాడుకోవడం మన బాధ్యత. అసాధారణ సాధనాలు వాడుకోవాలన్న నిర్బంధం లేదు. అదే పాపుగారు 1957 నవంబరు 24న మత్తుమందు వైద్యులకు ఇది వివరిస్తూ, ఏది సాధారణం అన్నది మనిషిని బట్టి, చోటును బట్టి, కాలాన్ని బట్టి, స్థితిగతులను బట్టి మారుతుందన్నారు. ఒకే శస్త్రచికిత్స, ఒకే వైద్యుడు. నూరు కిలోల యువతికి అది మోయదగిన భారం కావచ్చు. రెండు వందల కిలోలతో మంచం దిగలేని పెద్దాయనకు మోయలేని భారం కావచ్చు. ఆ పెద్దాయన వద్దంటే ప్రాణం మీద ప్రేమ లేదని నిందించకూడదు. కావాలంటే ప్రాణానికి తెగించాడని అడ్డుపడకూడదు. అన్నీ విడమరచి చెప్పించుకుని, భయమూ బలవంతమూ లేకుండా తానే తీర్మానించుకోవాలి. గురువు గాని, భర్త గాని, బిడ్డలు గాని ఆ తీర్మానాన్ని దొంగిలించరాదు.

"ముందు తగ్గి రా"

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. అవసరం ఎక్కువగా ఉన్నవారినే "ముందు తగ్గి రా" అనడం న్యాయమా?

ఆ మాట రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి రోగి క్షేమం కొరకు చెప్పేది. శస్త్రచికిత్సకు ముందు సుమారు రెండు వారాలు చాలా తక్కువ కేలరీల ఆహారం తీసుకుంటే కాలేయం కుంచించుకుపోయి వైద్యునికి చోటు దొరుకుతుంది. ఇది మత్తుకు ముందు ఏమీ తినవద్దనడం వంటిది. ఈ మధ్య సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ అనే సూదిమందులతో ముందుగా బరువు తగ్గించే ప్రయత్నం కూడా చేస్తున్నారు. ఈ రెండూ బరువు తగ్గించే మందులుగా 2025లో మన దేశానికి వచ్చాయి.

రెండవది యోగ్యతా పరీక్షగా చెప్పేది. "నీకు పట్టుదల ఉన్నదని ముందు ఋజువు చేసుకో, అప్పుడు చూద్దాం." ఇది జబ్బు తగ్గితేనే మందు ఇస్తామనడం కాదా? అమెరికాలోని శస్త్రవైద్యుల సంఘం 2016లో, బీమా సంస్థలు ఇలా ముందస్తుగా బరువు తగ్గాలని నిర్బంధించడం వివక్షతో కూడినదని, దానికి శాస్త్రాధారం లేదని, ప్రాణం నిలిపే చికిత్సను ఆలస్యం చేస్తున్నదని తీర్మానించింది.

ఏది ఏ రకమో తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. ఈ గడువుకు ముగింపు ఉన్నదా? తగ్గడానికి సహాయం ఎవరైనా చేస్తున్నారా? తగ్గలేకపోతే తలుపు మూసివేస్తారా, మరొక దారి చూపిస్తారా? గడువు ఉండి, సహాయం ఉండి, తలుపు తెరిచి ఉంటే అది వైద్యం. ఏదీ లేకపోతే అది మర్యాదగా చెప్పిన తిరస్కారం.

వైద్యుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. బల్ల మీద ప్రాణం పోతే ఆ భారం మోసేది వారే. "మా ఆసుపత్రిలో ఇంతటి బరువుకు తగిన బల్ల లేదు, ఫలానా చోటికి వెళ్ళండి" అని చెప్పే వైద్యుడు నిజాయితీపరుడు. కాని తన లెక్కలలో మరణాలు కనబడకూడదని తేలికైన రోగులనే ఏరుకునే వైద్యుడు రోగిని గాక తన పేరును కాపాడుకుంటున్నాడు. రెండు తిరస్కారాలూ పైకి ఒకే విధంగా వినబడతాయి. మనస్సాక్షికి మాత్రం తేడా తెలుసు.

మన దేశంలో ఒక విచిత్రం చూడండి. ఆరోగ్య బీమా నిబంధనల ప్రకారం ఈ చికిత్సకు సొమ్ము రావాలంటే బి.ఎం.ఐ. 40 ఉండాలి, లేదా తీవ్రమైన జబ్బులతో పాటు 35 ఉండాలి. ఇతర పద్ధతులన్నీ విఫలమై ఉండాలి. 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు మాత్రం ఆసియా ప్రజలకు తక్కువ బరువులోనే మధుమేహం, గుండె జబ్బు వస్తాయి గనుక 27.5 దాటితేనే ఈ చికిత్స అందుబాటులో ఉంచాలన్నాయి. రెండు అంకెల మధ్య ఎందరో ఎదురుచూస్తున్నారు. ముప్పై మూడు ఉన్న పేద మధుమేహ రోగికి సొమ్ము లేదు. నలభైకి పెరిగితే సొమ్ము వస్తుంది. కాని అప్పటికి మధుమేహం ముదిరి, కత్తి ప్రమాదమూ పెరిగి ఉంటుంది. ప్రమాదం పెరిగేదాకా ఆగమని చెప్పే నియమాన్ని గురించి ఆలోచించవలసిన బాధ్యత నియమాలు వ్రాసేవారికి లేదా?

తప్పు ఎవరిది?

వీటన్నిటి వెనుక ఒక నమ్మకం దాగి ఉన్నది. లావు అంటే తిండిపోతుతనమనీ, తిండిపోతుతనం పాపమనీ, పాపం చేసినవాడు కష్టపడి బాగుపడాలి గాని సులువుగా బాగుపడకూడదనీ. నేను విసిరిన హాస్యం కూడా అక్కడ నుండే పుట్టినది.

మన గ్రంథాలే అలా చెప్పవు. వేళ కాకముందే తినడం, ఖరీదైనవే కోరడం, అతిగా తినడం, ఆబగా తినడం, రుచులకు వంకలు పెట్టడం అని భోజన ప్రియత్వానికి అయిదు రూపాలను పునీత గ్రెగోరీ పాపుగారు చెప్పగా తోమాసు గారు వివరించారు. అయిదింటిలో నడుము కొలత ఎక్కడా లేదు. సన్నని మనిషి అయిదింటిలోనూ దోషి కావచ్చు. తోమాసు గారే భారీ మనిషి అని పాత కథనాలు చెబుతాయి. తోటి విద్యార్థులు ఆయనను మూగ ఎద్దు అని ఎగతాళి చేసేవారట. తత్వశాస్త్రంలో నేను గురువుగా చదువుకున్న ఆ మహానుభావుడు మా గుడిలో కూర్చుని ఉంటే నా హాస్యానికి తలలు ఆయన వైపే తిరిగి ఉండేవి.

సైన్సు మాట కూడా వినండి. వేర్వేరు ఇళ్ళలో పెరిగిన కవలలను పరిశీలించి 1990లో ప్రకటించిన ఫలితాలలో, కలిసి పెరిగినా విడిపోయి పెరిగినా ఒకే రూపు కవలల బి.ఎం.ఐ. దాదాపు ఒకే తీరుగా పోలి ఉన్నది. తృప్తిని తెలిపే లెప్టిన్ హార్మోను 1994లో బయటపడింది. తగ్గిన బరువును తిరిగి తెచ్చుకోవడానికి దేహమే ఆకలిని పెంచుతుందని ఇప్పుడు తెలుసు. 2017లో ఈజిప్టు నుండి ఒక స్త్రీని సరకుల విమానంలో ప్రత్యేక పడక మీద ముంబైకి తెచ్చారు. బరువు 500 కిలోలని ప్రకటించారు. ముందు ద్రవాహారంతో బరువు తగ్గించి, మార్చి నెలలో స్లీవ్ చేశారు. లెప్టిన్ సందేశాన్ని అందుకొనే జన్యువులోనే ఆమెకు లోపమున్నదని వైద్యులు ప్రకటించారు. ఆ సంవత్సరం సెప్టెంబరులో, 37వ ఏట, ఆమె అబుదాబిలో మరణించింది. ఎన్నో సంవత్సరాలు మంచం దిగని ఆమెను లోకమంతా అంకెగా చూసింది. తిండిపోతు అని నవ్వినవారిలో ఎందరు తరువాత పశ్చాత్తాపపడ్డారో దేవునికే తెలియాలి.

మనిషి ప్రయత్నానికి చోటు లేదని నేననడం లేదు. మితం సద్గుణమే. కాని ఆత్మ పడవ నడిపే మనిషి వంటిదనీ, దేహం పడవ వంటిదనీ తోమాసు గారు ఒప్పుకోలేదు. రెండూ కలిసి ఒక్క మనిషి అన్నారు. కాబట్టి దేహాన్ని ఎగతాళి చేస్తూ "మనిషిని ఏమీ అనలేదు" అనుకోవడం చెల్లదు.

కోలుకునే దారి

మా సహోదరిని నేను చేసిన సహాయమల్లా ఒక్కటే: "పది కిలోలు ఎందుకో డాక్టరు గారినే అడుగమ్మా" అన్నాను. ఆమె అడిగింది. ఆయన కాలేయపు చిత్రం చూపించి వివరించాడు. రెండు వారాల ఆహార పట్టిక వ్రాసి ఇచ్చాడు. ఆమె తగ్గినది ఆరు కిలోలే. "ఇది చాలమ్మా, కాలేయం దారి ఇచ్చింది" అన్నాడట. భర్త బంగారం బ్యాంకులో కుదువపెట్టాడు. స్లీవ్ చేశారు. మొదటి రాత్రి ఊపిరి యంత్రపు మాస్కుతో ప్రత్యేక విభాగంలో ఉంచారు. ఆ సాయంత్రమే లేపి నడిపించారు. గోడ పట్టుకుని పది అడుగులు వేశానని చెప్పింది. రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి ఆ పది అడుగులు మందు వంటివి. పెద్ద దేహానికి అవి ఎంత కష్టమో మంచం పట్టి లేచిన వారికి తెలుసు.

తరువాత కొన్ని రోజులు నీళ్ళు, పల్చని మజ్జిగ, పప్పుకట్టు. ఆపై మెత్తగా చిదిపినవి. రెండు ముద్దలకే కడుపు నిండుతుంది. తొందరపడితే వాంతి. వాంతులు ఆగకపోతే బి-1 విటమిను తగ్గి నరాలకే ముప్పు. ఇనుము, బి-12, కాల్షియం మాత్రలు జీవితాంతం. మూడవ నెలలో జుట్టు రాలింది. విచారణ పండుగనాడు ఆమె విస్తరిలో అందరూ "ఈ ఒక్క రోజుకు ఏమవుతుందిలే" అని వడ్డించబోయారు. మన ప్రేమ వడ్డనలోనే ఉంటుంది, నిజమే. కొందరి విషయంలో వడ్డించకపోవడమే ప్రేమ.

సంవత్సరం తిరిగేసరికి 138 నుండి 99కి వచ్చింది. బంధువులు "అంతేనా?" అన్నారు. లెక్క చూద్దాం. ఆమె ఎత్తుకు బి.ఎం.ఐ. 25 అంటే 60 కిలోలు. మిగులు 78 కిలోలు, తగ్గినది 39. సరిగ్గా సగం. అదే ఎత్తుండి 96 కిలోలు తూగే మరొకరు తమ బరువులో అదే వంతు, అంటే 27 కిలోలు తగ్గితే, మిగులు 36లో ముప్పాతిక పోయినట్లు. చూసేవారికి రెండవ వ్యక్తి గెలిచింది, మా సహోదరి సగంలో ఆగిపోయింది. కాని ఎక్కువ బరువు దించుకున్నది ఎవరు? పెద్ద దేహంతో బయలుదేరినవారు ఎంత దూరం నడిచినా పట్టికలో ఇంకా "అధికం" అన్న గడిలోనే కనబడతారు. వారిని చేరవలసిన చోటును బట్టి గాక, బయలుదేరిన చోటును బట్టి కొలవడం న్యాయం.

ఆశకు కూడా కొలత ఉండాలి. స్వీడన్‌లో 1987లో మొదలైన దీర్ఘ పరిశీలన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. శస్త్రచికిత్స చేయించుకున్నవారు, చేయించుకోని అటువంటివారి కంటె సుమారు మూడు సంవత్సరాలు ఎక్కువ జీవించారు. సామాన్య ప్రజల కంటె మాత్రం అయిదున్నర సంవత్సరాలు తక్కువే. కత్తి మేలు చేస్తుంది, అద్భుతం చేయదు. మూడు సంవత్సరాలు అంటే చిన్నవి కావు. ఒక కూతురి పెళ్ళి, ఒక మనుమడి మొదటి మాటలు అందులో ఇముడుతాయి.

చివరగా, మూడవ మాటకు జవాబు. ఆమె ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాను. "పోనీలెండి ఫాదర్ గారూ" అన్నది. అది ఆమె మంచితనం, నాకు దొరికిన విడుదల కాదు. పదిమందిలో చేసిన తప్పును పదిమందిలోనే ఒప్పుకోవాలి గనుక, తరువాతి ఆదివారం ప్రసంగ పీఠం మీద నుండే, ఆమె పేరు ఎత్తకుండా, నేను పలికిన మాట తప్పని చెప్పాను. ఇప్పుడు ఈ పుటలో కూడా చెబుతున్నాను. చేతులు లేని బలమైన కుర్చీలు నాలుగు కొని ముందు వరుసలో వేయించాము.

ప్రియ పాఠకులారా, మీ ఇంటిలోనో వీధిలోనో బరువైన దేహంతో బ్రతుకుతున్నవారు ఉంటారు. ఆపరేషను చేయించుకున్నవారికి "ఎంత తగ్గావు?" అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. చేయించుకోనివారికి "ఎందుకు చేయించుకోవు?" అనీ అడగనక్కరలేదు. "ఎలా ఉన్నావమ్మా?" అని అడగండి. జవాబు పూర్తిగా వినండి. మా సహోదరి ఇప్పుడు రెండవ బల్ల మీద కూర్చుంటున్నది. మొదటి బల్ల దాకా ఇంకా రాలేదు. ఆ ఒక్క బల్ల దూరం ఆమె నడవవలసినది కాదు, మేము నడవవలసినది.

ప్రభువు మీ అందరికీ తోడై ఉండునుగాక.